ముత్తన్న ముక్కలు లెక్కపెడుతున్నాడు

"ఈ బహ్రెయిన్ దీవిలో నేరస్థులు కంటినిండా నిద్రపోయే రోజులు చెల్లిపోయాయి పరమేశూ" అని అప్పాజీ గంభీరంగా ప్రకటించాడు. "ఎందుకంటే ఇక్కడ నేనున్నాను. నా కన్ను మూతపడదు. నా మెదడు సెలవు పెట్టదు."

ప్రకటించే సమయానికి ఆయన ఒక చెంప మీద సబ్బునురగ ఉంది, రెండో చెంప మీద లేదు. ఒంటిమీద తువ్వాలు తప్ప మరొకటి లేదు. అయినా చేతిలోని రేజరుని మాత్రం పిస్తోలు పట్టుకున్నంత ఠీవిగా పట్టుకున్నాడు.

పరమేశ్ తన మంచం అంచున కూర్చుని బూట్లకి అంటిన సిమెంటు గోకుతున్నాడు. ఆర్మూరు దగ్గరి పల్లెనుంచి సెంట్రింగు పనికి వచ్చిన ఈ కుర్రాడికి ఇలాంటి ప్రకటనలు కొత్తవి కావు. పోయిన చలికాలంలో గదిలో బకెట్టు మాయమైనప్పుడూ ఇలాంటిదే విన్నాడు. అప్పుడు అప్పాజీ క్యాంపులో సగంమందిని ప్రశ్నించి, గుమ్మం దగ్గర మైదాపిండి చల్లి పాదముద్రలు తీసి, చివరికి ఆ బకెట్టుని తన మంచం కిందే, తన బట్టలే అందులో నానుతూ ఉండగా కనిపెట్టాడు. నేరం నామీదికే నెట్టాలని చూశారు, ఎంత తెలివో చూడు అని ఆ కేసు మూసేశాడు.

అప్పాజీది రాజోలు వైపు. సైటు ఆఫీసులో టైమ్‌కీపరు ఉద్యోగం. కానీ అది పొట్టకూటికి మాత్రమే. ఆయన అసలు వృత్తి అపరాధ పరిశోధన అని ఆయనొక్కడే నమ్మేవాడు. ట్రంకుపెట్టె అడుగున పాకెట్ సైజు డిటెక్టివ్ నవలలు దొంతరగా ఉండేవి. చేతులు మారి మారి వచ్చినవి కావడంతో చాలావాటికి చివరి పేజీలు లేవు. కాబట్టి నేరం ఎలా మొదలవుతుందో అప్పాజీకి క్షుణ్ణంగా తెలుసు. నేరస్థుణ్ణి ఎలా పట్టుకుంటారన్నది మాత్రం ఆయన సొంతంగా ఊహించుకోవలసి వచ్చింది.

మనిషి మాత్రం మంచివాడు. పరమేశ్ వచ్చిన కొత్తలో ఎండదెబ్బకి పడిపోతే ఆసుపత్రిలో పక్కనే కూర్చుని కొబ్బరినీళ్ళు పట్టించింది ఆయనే. అందుకే ఎవరూ వినని ఆయన ప్రకటనలు పరమేశ్ కూర్చుని వింటాడు.

"ఈసారి కేసు మామూలుది కాదు" అన్నాడు అప్పాజీ గొంతు తగ్గించి. "అంతర్జాతీయ స్థాయి. మన గదిలోనే. ముత్తన్న ముక్కలు లెక్కపెడుతున్నాడు."

పరమేశ్ బూటు కింద పెట్టాడు. "లెక్కవెట్టుకుంటె తప్పేందన్నా? ఎవని ముక్కలు వాడు లెక్కవెట్టుకోడా?"

"చేతిలో ఉన్నవి కాదయ్యా. పడిపోయినవి, రాబోయేవి, పక్కవాడి దగ్గర ఉన్నవి, అన్నీ."

"పక్కోని గిన్నెలవి సుత లెక్కవెడతడా?"

"గిన్నె ఎక్కణ్ణుంచి వచ్చింది మధ్యలో?"

ఇక్కడ కొంచెం ఆగి చెప్పుకోవాలి. గోదావరి వాడైన అప్పాజీకి ముక్క అంటే మొదట పేకముక్క. ఆర్మూరు వాడైన పరమేశ్‌కి పేకముక్కలు పత్తాలు; ముక్క అంటే అతనికి మటన్ ముక్కే. ఆ గదిలో ఈ రెండు రకాల ముక్కలూ ఒకే చాపమీద తిరుగుతుండేవి. అందుకే ఈ గొడవంతా.

అది తొంభై ఆరో సంవత్సరం. మామీర్ క్యాంపులో, రిఫైనరీ వాసన గోడలకి కూడా పట్టేసిన ఆ గదిలో ఆరుగురు ఉండేవారు. శుక్రవారం అందరికీ సెలవు, ఆ రోజు మటన్. మటన్ వడ్డించాక, తినేముందు, పేకాట. డబ్బు పెట్టి ఆడినట్టు తెలిస్తే వీసా ఇచ్చిన యజమాని కఫీల్ పాస్‌పోర్టు చేతిలో పెట్టి విమానం ఎక్కించేస్తాడు. అందుకని డబ్బుకి బదులు కూరముక్కలు పందెం కాసేవారు. ఎవరి గిన్నె వాళ్ళ ముందు పెట్టుకుని కూర్చుంటారు. ఆట ఓడినవాడు తన గిన్నెలోంచి ఒక ముక్క గరిటెతో తీసి గెలిచినవాడి గిన్నెలో వేస్తాడు. ఆడేవాళ్ళు నలుగురు: అమలాపురం నుంచి వచ్చిన ప్లంబరు అచ్చిబాబు, భీమవరం శ్రీనివాసరాజు, జగిత్యాల గంగన్న, ఆయన ఊరి పక్కవాడే అయిన మేస్త్రీ ముత్తన్న. పరమేశ్ ఆడడు. అప్పాజీ వండుతాడు.

వండుతాడు గాని తినడు. శుక్రవారం అమ్మవారి రోజని ఆయనకి నీసు పనికిరాదు. వాళ్ళమ్మ మొక్కు అది. ఇండియాలో ఉన్నన్నాళ్ళూ ఆ మొక్కువల్ల ఎవరికీ నష్టం లేకపోయింది. గల్ఫులో ఆదివారం వచ్చి శుక్రవారం మీద కూర్చోవడంతో, మటన్ వండే రోజూ ముట్టని రోజూ ఒకటైపోయాయి. వారం వారం అప్పాజీ పొయ్యి దగ్గర చెమటలు కక్కుతూ వండి, అందరికీ వడ్డించి, తను మాత్రం మజ్జిగన్నంలో నిమ్మకాయ పచ్చడి నంజుకుంటూ గర్వంగా చూస్తూ కూర్చునేవాడు.

పరమేశ్‌కి ఆ కూర ఎప్పుడూ మింగుడుపడలేదు. ముక్క దవడ కింద నలగదు, పులుపు చెవుల్లోంచి వస్తుంది. గోదావరి వంట అంటే ఇలాగే ఉంటుంది కాబోలు, మన నాలికకే అలవాటు లేదు అనుకుని, మాత్రలు మింగినట్టు నీళ్ళతో మింగేసేవాడు.

అయితే కొన్ని వారాలుగా ఆటలో ఒక వింత జరుగుతోంది. ప్రతి శుక్రవారం ముత్తన్నే గెలుస్తున్నాడు. మిగతా ముగ్గురి గిన్నెలూ ఖాళీ, ఆయన గిన్నె పొంగిపొర్లుతోంది. పోయిన వారం అచ్చిబాబు తల బాదుకుని, ఏదో మాయ జరుగుతోందండి, ఒక్క ముక్క దక్కనివ్వట్లేదండి అని గదంతా వినిపించేలా వాపోయాడు. శ్రీనివాసరాజు అంతకన్నా పెద్దగా నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పులు అప్పాజీ చెవిన పడ్డాయి. అంతే, కేసు పుట్టింది.

దానికి తోడు సైటులో రోమెల్ అనే ఫిలిప్పీనో వెల్డరు ఉన్నాడు. ఇక్కడికి రాకముందు మనీలాలో ఒక పెద్ద కాసినోలో కెమెరా గదిలో పనిచేశానని చెప్పుకుంటాడు. బహ్రెయిన్‌లో కాసినో లేదు. అది అప్పాజీకి అడ్డు కాలేదు. రోజూ చాయ్ తాగించి, ముక్కలు లెక్కపెట్టేవాళ్ళు పైన కెమెరా ఉన్నా దొరక్కుండా ఎలా తప్పించుకుంటారో అతని దగ్గర విద్య అంతా లాగేశాడు.

"అసలైన లెక్కగాడు ఎప్పుడూ గెలవడు. మధ్యమధ్య కావాలని ఓడతాడు" అని చెప్పాడు అప్పాజీ పరమేశ్‌కి.

"మరి ముత్తన్న ఎప్పుడూ గెలుస్తుండు గదా?"

"అదే ఎత్తు. ఓడితే అనుమానం వస్తుందని తెలుసు వాడికి."

లెక్కపెట్టేవాడు పెదాలు కదపడట. ముత్తన్న మౌనంగా ఆడతాడు. కాబట్టి అనుమానమే. కొందరు కావాలని వాగుతూ, తాగినట్టు నటిస్తూ లెక్కపెడతారట. ముత్తన్న ఒక్కోసారి గంగన్నతో మాట్లాడతాడు. కాబట్టి ఇంకా అనుమానం. కెమెరావైపు చూడకుండా ఉండటం వాళ్ళ మొదటి పాఠమట. ముత్తన్న ఇంతవరకూ ఒక్కసారి కూడా గది కప్పువైపు చూడలేదు. కప్పుకి కెమెరా లేదు కదన్నా అని పరమేశ్ అనబోయి ఊరుకున్నాడు.

అతనికి ఈ కేసులో వేలు పెట్టడమే ఇష్టం లేదు. కారణం సరిత.

సరిత ముత్తన్న చెల్లెలు. పోయిన సెలవులో ముత్తన్న పంపిన దుప్పటీ, పాలపొడి డబ్బాలు ఇవ్వడానికి పరమేశ్ వాళ్ళింటికి వెళ్ళాడు. ఆ పిల్ల చెంబుతో నీళ్ళిచ్చి, మా అన్న మంచిగ తింటుండా అని అడిగింది. మస్తుగ తింటుండు అన్నాడు పరమేశ్. అబద్ధమాడుతున్నవు, నీ మొఖమే చెప్తున్నది అని నవ్వింది. ఆ నవ్వు పట్టుకుని అతను బహ్రెయిన్ తిరిగొచ్చాడు. పెద్దలచేత మాట కదిపిస్తే వాళ్ళమ్మ ముత్తెమ్మ రెండు సంగతులు చెప్పి పంపింది. పత్తాలు ముట్టేవాడికి పిల్లనివ్వదు. తన కొడుకు ముత్తన్న వీణ్ణి పక్కనుంచి చూస్తున్నాడు కాబట్టి, వాడు సరేనంటేనే సరే. కొడుకు పేకాడతాడని ఆవిడకి తెలియదు. పరమేశ్ సెలవు వచ్చే నెలలోనే. ముత్తన్న ఇంకా ఏమీ అనలేదు. చూస్తున్నాడు, అంతే.

ఇప్పుడు ఆ ముత్తన్న మీదే నిఘా పెట్టమంటున్నాడు అప్పాజీ. నేరం రుజువైతే ముత్తన్నని మెస్సులోంచే కాదు, గదిలోంచే పంపించేయాలని ఆయన మిగతావాళ్ళ ముందు తీర్మానం కూడా పెట్టాడు. అచ్చిబాబు, శ్రీనివాసరాజు, గంగన్న ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, నేలచూపులు చూస్తూ తలూపారు.

"అన్నా, నన్ను వదిలెయ్యి. ఆయనతోని నాకు పనున్నది" అన్నాడు పరమేశ్.

"అందుకే నువ్వు కావాలి. నిన్ను ఎవడూ అనుమానించడు. ఒక్క సంగతి చెప్పు చాలు. ఆట అయ్యాక ముత్తన్న ఏం చేస్తాడు?"

పరమేశ్ ఆలోచించి నిజమే చెప్పాడు. "కొన్ని ముక్కలు డబ్బల వెట్టుకొని బయటికి వోతడు."

అప్పాజీ కళ్ళు మెరిశాయి. పేకముక్కలు డబ్బాలో పెట్టి క్యాంపు దాటిస్తున్నాడు. ఇది ఒక్క మనిషి పని కాదు, ముఠా పని.

ఆ శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ముత్తన్న స్టీలు డబ్బా పట్టుకుని బయల్దేరగానే అప్పాజీ పరమేశ్‌ని లాక్కుని వెంటపడ్డాడు. మారువేషం కోసం ఎర్రగళ్ళ అరబ్బు రుమాలు తలమీంచి గడ్డం కిందికి చుట్టి ముడేశాడు. నల్లకళ్ళద్దాలు పెట్టాడు. గేటు దగ్గరున్న పఠాన్ వాచ్‌మన్ లేచి నిలబడి, అప్పాజీ భాయ్, పన్ను నొప్పా అని జాలిగా అడిగాడు. అప్పాజీ పరమేశ్‌తో, వీణ్ణి కూడా గమనించాలి, చూపు చురుగ్గా ఉంది అన్నాడు.

జనరేటరు షెడ్డు వెనక ముత్తన్న గొంతుక్కూర్చుని ఉన్నాడు. వీళ్ళకి వీపే కనిపిస్తోంది. కుడిచెయ్యి డబ్బాలోకి వెళ్ళి, పక్కకి వెళ్ళి, మళ్ళీ డబ్బాలోకి వెళ్ళి, ఇంకోపక్కకి వెళ్తోంది.

"పంచుతున్నాడు" అని గుసగుసలాడాడు అప్పాజీ. "చూడు ఆ చెయ్యి. సరిగ్గా పేక పంచినట్టు."

పరమేశ్ మెడ సాచి చూశాడు. "ఆడ పిల్లులున్నయన్నా."

"అది మరుగు. చూసేవాళ్ళని మోసపుచ్చడానికి పిల్లుల్ని పెట్టుకున్నారు. నేరప్రపంచం నీకు తెలీదు."

పరమేశ్‌కి నేరప్రపంచం తెలియని మాట నిజమే. కానీ పిల్లులు తెలుసు. ఒక గండుపిల్లి ముక్కని నోట కరుచుకుని, తల విదిల్చి, మళ్ళీ కరుచుకుని, చివరికి కింద వదిలేసి గోడ దూకి వెళ్ళిపోవడం అతను చూశాడు. వారమంతా ఎదురుచూసి గెలుచుకున్న మటన్‌ని ముత్తన్న పిల్లులకెందుకు పెడుతున్నాడో అతనికి అర్థం కాలేదు. మనసు మెత్తన కాబోలు అనుకుని, అలాంటి ఇంట్లో పెరిగిన సరితమీద ఇష్టం ఇంకాస్త పెంచుకున్నాడు. అంతలో ముత్తన్న వెనక్కి తిరిగాడు. అప్పాజీ చటుక్కున డ్రమ్ము చాటుకి దూకాడు. పరమేశ్‌కి చాటు దొరకలేదు. ముత్తన్న అతన్ని తేరిపార చూసి, ఏమీ అనకుండా డబ్బా మూసుకుని వెళ్ళిపోయాడు.

ఆ చూపు పరమేశ్‌ని వారమంతా తినేసింది. పనిలో మేకు కొట్టబోయి వేలు కొట్టుకున్నాడు. తప్పు చెయ్యకుండానే దొంగయ్యానని బాధపడ్డాడు.

తర్వాతి శుక్రవారానికి అప్పాజీ ఏర్పాట్లన్నీ పూర్తిచేశాడు. కాసినోలో కప్పులోంచి కెమెరా చూస్తుంది కదా, ఇక్కడ కప్పులోంచి అప్పాజీ చూస్తాడు. శ్రీనివాసరాజు మంచానికి పైన ఇంకో అంతస్తు మంచం ఖాళీగా ఉంది. సామాన్ పెట్టుకునేది. దానికి దుప్పటి వేలాడగట్టి, చీపురు కర్ర చివర గడ్డం అద్దం తీగతో బిగించి, దాన్ని దుప్పటి సందులోంచి ఆట మీదికి వంచితే ముత్తన్న చేతిలో ముక్కలన్నీ కనిపిస్తాయి. ముత్తన్న ముక్కలు చూసి అప్పాజీ సైగ చేస్తే, పరమేశ్ అవి గుర్తుపెట్టుకోవాలి. సైగ ఏమిటంటే దగ్గు.

మటన్ వండి, వడ్డించి, మనామా బజారుకి పోతున్నానని పదిమంది వినేలా చెప్పి, బయటికెళ్ళి, అందరూ కాళ్ళుచేతులు కడుక్కునే సందులో వెనక్కొచ్చి ఆయన పైకెక్కాడు. ఎక్కినట్టు ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం. దుప్పటి కిందనుంచి ఆయన కాలి బొటనవేలు బయటికి పొడుచుకుని ఉంది. గంగన్న దాన్ని చూసి అచ్చిబాబుని మోచేత్తో పొడిచాడు. అచ్చిబాబు శ్రీనివాసరాజుని పొడిచాడు. ముగ్గురూ గొంతు సవరించుకున్నారు. ముత్తన్న మాత్రం గిన్నె ముందుపెట్టుకుని, శిక్షకి సిద్ధమైన మనిషిలా కూర్చున్నాడు.

ఆట మొదలైంది. ఆ రోజు ముగ్గురూ ఆడిన తీరు చూస్తే ఎంత గొప్ప లెక్కగాడైనా నమస్కారం పెడతాడు. ముక్క తీసినప్పుడల్లా అచ్చిబాబు, ఆయ్, ఇదేంటండి నా జాతకం అని నుదురు కొట్టుకున్నాడు. శ్రీనివాసరాజుగారు పెదవి విరిచారు. గంగన్న ముక్క పడేయబోయి, మళ్ళీ తీసుకుని, మళ్ళీ పడేసి, గెలవాలని ప్రాణం పెడుతున్నట్టే కనిపించాడు. వాళ్ళకి దుప్పటి సంగతి తెలుసు. అద్దం సంగతి తెలియదు.

పైన అప్పాజీ అద్దాన్ని ముత్తన్న వైపు తిప్పాడు. చెమటకి కర్ర జారి అద్దం పక్కకి తిరిగింది. దాంట్లో ముత్తన్న చెయ్యి బదులు అచ్చిబాబు చెయ్యి కనబడింది. సీక్వెన్సు ఉంది, జోకరుంది, పదమూడు ముక్కలూ కలిసి కూర్చున్నాయి. షో చెప్పేయాల్సిన చెయ్యి అది. అచ్చిబాబు చెప్పలేదు. ఇంకో ముక్క తీసి, కలిసిన చేతిలోంచి ఒకటి విరగ్గొట్టి పారేసి, నుదురు కొట్టుకున్నాడు.

అప్పాజీ అద్దం ఇంకాస్త తిప్పాడు. రాజుగారి చెయ్యీ అంతే. ఇంకాస్త వంగి గంగన్న చేతికోసం చూశాడు. ఇంకాస్త. ఆయన బరువంతా మంచం అంచుకి చేరింది. కింద ఉన్న ప్లైవుడ్ చెక్క కూడా అటే కదిలింది.

దుప్పటి, చీపురు, అద్దం, అప్పాజీ, ఈ వరుసలోనే కిందికి వచ్చాయి. రాజుగారి ఒళ్ళో పడబట్టి ఎముకలు దక్కాయి. గిన్నెలు బోర్లాపడ్డాయి, కూర చాపమీద పారింది, చేతుల్లో ముక్కలన్నీ వెల్లకిలా పరుచుకున్నాయి.

ముత్తన్న వంగి ఒక్కొక్కరి ముక్కలూ చూశాడు. అచ్చిబాబు ముందు పడినవాటిలో ఒక్కటి తప్ప అన్నీ కలిసి ఉన్నాయి. రాజుగారివి పూర్తిగా కలిశాయి. గంగన్నవీ కలిశాయి. తనవి చూసుకున్నాడు. ఒక్క జత కూడా లేదు.

"మీరు ముగ్గురు ఎప్పుడో గెలిచిన్రు" అన్నాడు ముత్తన్న నెమ్మదిగా. "మరి షో ఎందుకు చెప్పలే?"

ముగ్గురూ చాపని పరిశీలించసాగారు. తెరిచిన తలుపులోంచి ఒక పిల్లి లోపలికొచ్చింది. చిందిన మటన్ దగ్గరికొచ్చి వాసన చూసింది. మర్యాదగా కాలెత్తి ముక్కని దాటుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. అప్పాజీ తప్ప అందరూ ఆ పిల్లివైపు గౌరవంగా చూశారు.

అప్పాజీ లేచి, తలమీంచి దుప్పటి తీసి, నడుము పట్టుకుని నిలబడ్డాడు. ఆయన మెదడు పరుగందుకుంది. గెలవగలిగినవాడు ఓడిపోవాలని ఎందుకు కోరుకుంటాడు? భయంవల్ల. ఎవరికి భయపడి? లాభపడేవాడికి. లాభపడేదెవరు? ముత్తన్న. కాబట్టి ముత్తన్న ఈ ముగ్గురినీ బెదిరించి ఓడిస్తున్నాడు. కేసు తేలిపోయింది, ఇక తీర్మానం ప్రకారం ముద్దాయి గది ఖాళీ చెయ్యడమే మిగిలింది అని ప్రకటించాడు.

ముత్తన్న ఆయనతో వాదించలేదు. మిగతా ముగ్గురివైపు చూశాడు. ఒక్కరైనా నోరు విప్పుతారేమోనని ఆగాడు. అచ్చిబాబు నోరు తెరిచి, అప్పాజీ మొహం చూసి, మూసేశాడు. ముత్తన్న తన పరుపు చుట్టడం మొదలుపెట్టాడు. తాడు బిగిస్తూ పరమేశ్‌తో అన్నాడు:

"నా ఎన్కెన్క తిరిగినవు. అన్నీ చూసినవు. నువ్వు సుత ఏం చెప్పవా?"

పరమేశ్ చిందిన కూరవైపు చూశాడు. పిల్లి దాటిన ముక్క అక్కడే ఉంది. గండుపిల్లి విదిల్చిన ముక్క గుర్తొచ్చింది. అచ్చిబాబు కూడా గోదావరి వాడే కదా, ఆయనెందుకు వదిలించుకుంటున్నాడు అని తట్టింది. అంతా ఒక్కసారి అర్థమైంది. నిజం చెబితే ఆసుపత్రిలో పక్కన కూర్చున్న మనిషి మనసు విరుగుతుంది. చెప్పకపోతే ముత్తన్న పోతాడు, ఆయనతోపాటు సరితా పోతుంది. అంతకన్నా ముఖ్యం, తప్పు చెయ్యనివాడు పరుపు చుట్టుకుంటున్నాడు.

"అన్నా" అన్నాడు అప్పాజీతో. "కూర మంచిగుండది."

"ఏ కూర?"

"నువ్వు వండేది. ముక్క ఉడకది. పులుపు మింగనియ్యది. ఎవ్వరు తినలేకనే ఓడిపోతున్నరు. ఓడితె ముక్క గిన్నెలకెల్లి పోతది గదా. ముత్తన్న ఏం లెక్కవెట్టలే. ఆయన సుత పిల్లులకే వెడుతున్నడు."

అప్పాజీ అచ్చిబాబువైపు తిరిగాడు. మొదటి శుక్రవారం నువ్వు వేళ్ళు నాకావు కదయ్యా అని అడిగాడు. అది మర్యాదకండి, తరవాత ఎలా ఆపాలో తెలీలేదండి, మా గోదావరి పరువు పోతుందని కూడా భయపడ్డానండి అని అచ్చిబాబు దాదాపు ఏడుపు గొంతుతో ఒప్పుకున్నాడు. రాజుగారు, గంగన్న తలలూపారు. ఇన్నాళ్ళూ ఒక్కరు పొగిడారని మిగతావాళ్ళు, మిగతావాళ్ళు ఊరుకున్నారని ఒక్కరు, ఇలా గడిచిపోయింది.

అప్పాజీ పరమేశ్‌వైపు తిరిగాడు. "మరి నువ్వు ఆట ఆడవు. ఓడిపోవడానికి వీల్లేదు. నువ్వెందుకు తిన్నావు?"

"నువ్వు వండితివని" అన్నాడు పరమేశ్.

అప్పాజీ మొహం తిప్పుకుని అద్దం ముక్కలు ఏరడం మొదలుపెట్టాడు. ఆయనకి నిజంగానే బాధ కలిగింది. దాచుకోవడం చేతకాని మనిషి కాబట్టి అందరికీ కనిపించింది.

ముత్తన్న తాడు విప్పాడు. "ఇన్ని వారాలు నా నసీబు తిరిగిందనుకుంటి" అన్నాడు. తర్వాత పరమేశ్ దగ్గరికొచ్చి, భుజం మీద చెయ్యేసి, "దోస్తుకు మొఖం మీద చెప్పినవు. అంత కష్టమున్నా చెప్పినవు. నా చెల్లెతోని అబద్ధమాడవు. ఇయ్యాల అమ్మకు ఫోన్ చేస్త" అన్నాడు.

అప్పాజీ మాత్రం సాక్ష్యం లేనిదే ఏదీ ఒప్పుకోనన్నాడు. కుండ అడుగున మిగిలిన ఒక ముక్కని డబ్బాలో భద్రపరిచాడు. మర్నాడు శనివారం, మొక్కు అడ్డులేని రోజు, సైటులో పరంజా నీడన పరమేశ్ ఎదురుగా కూర్చుని దాన్ని నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. భోజనాల సైరన్ మోగింది, మళ్ళీ పనికి పిలిచే సైరన్ కూడా మోగింది, ఇంకా నములుతూనే ఉన్నాడు. చివరికి నీళ్ళతో మింగి, కళ్ళు తుడుచుకుని అన్నాడు.

"నేరస్థుడు దొరికాడు పరమేశూ. ఇన్నాళ్ళూ నా చొక్కాలోనే దాక్కున్నాడు."

ఆ తర్వాతి శుక్రవారం ముత్తన్న వండాడు. ఉల్లిగడ్డ, ఎల్లిపాయ, ఎర్రకారం వేసి ముక్క వేలితో విరిగేలా ఉడికించాడు. వాసన కారిడార్ దాటి పక్క గదులకి పాకింది. ఆ రోజు పేకాట యుద్ధమే. మొదటిసారి నలుగురూ నిజంగా గెలవాలని ఆడారు. అప్పుడు తేలిన సంగతి ఏమిటంటే ముత్తన్నకి అసలు ఆట రాదు. ఆట మొదలైన కాసేపటికే ఆయన గిన్నెలో పులుసు తప్ప ఏమీ మిగల్లేదు. చేతులారా వండుకున్న మటన్ ఇతరులు నములుతుంటే వట్టి అన్నం కలుపుకుంటూ కూర్చున్నాడు.

పరమేశ్ తన గిన్నెలోంచి మంచి ముక్కలు ఏరి, ఒక్కొక్కటే ఆయన గిన్నెలోకి జార్చాడు. ముత్తన్న తలెత్తకుండా, చాలు బావా, నువ్వు తిను అన్నాడు.

మజ్జిగన్నం కలుపుతున్న అప్పాజీ చెయ్యి ఆగిపోయింది. కళ్ళు చిన్నవయ్యాయి.

"ఆగండి. ఆట ఆడనివాడి గిన్నెలోంచి ఓడినవాడి గిన్నెలోకి ముక్కలు పోతున్నాయి. రహస్యంగా. దీని వెనక ఎవరో ఉన్నారు."

"ఉన్నరన్నా" అన్నాడు పరమేశ్. "సరిత."

అప్పాజీ ఆలోచించాడు. పచ్చడి సీసా దగ్గరికి లాక్కున్నాడు.

"ఈ కేసు నేను తీసుకోను" అన్నాడు.